మధ్య బేరింగు కింద త్రికోణం

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. తర్వాత జరిగినదానికి సగం కారణం ఆ కోపమే. మిగతా సగం బద్ధకం. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పిల్లలకు వైబ్రేషన్స్ పాఠం చెబుతాను. తిరిగే యంత్రం ఎందుకు వణుకుతుంది, ఏ వేగం దగ్గర ఆ వణుకు ప్రమాదం, దాన్ని ముందుగా ఎలా లెక్కగట్టాలి, ఇదీ నా సబ్జెక్టు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన మనిషి. క్వార్టర్సులో అన్నం తింటూ తింటూ, దూరంగా క్రేను శబ్దం మారితే ముద్ద ఆపి తలెత్తి వినేవాడు. నాకు ఆ చెవి రాలేదు, లెక్కలు వచ్చాయి. అదే గొప్ప అనుకున్నాను చాలాకాలం.

మా ల్యాబులో ఒకప్పుడు ఒక ఇనప మెషీను ఉండేది. పొడవాటి సన్నటి షాఫ్టు, దాన్ని మోయడానికి మూడు బేరింగులు, ఒక మోటారు. వేగం పెంచుతూ పోతే ఒకచోట షాఫ్టు మధ్యలో వంగి, పిల్లలు ఆడే తాడాటలో తాడు తిరిగినట్టు తిరిగేది. ఆ వేగాన్ని క్రిటికల్ స్పీడ్ అంటాం. మామూలుగా నడిచే వేగం దానికి దరిదాపుల్లోకి రాకూడదు, వస్తే ఏదో ఒకటి విరుగుతుంది. ఆ మెషీనంటే నాకు చిరాకు. చొక్కా నిండా నూనె, చెవులు చిల్లులు పడే రొద. పైగా ఏ రెండు రోజులూ ఒకే అంకె ఇచ్చేది కాదు.

తర్వాత కాలేజీవాళ్ళు సాఫ్ట్‌వేర్ కొన్నారు. ఏసీ గది, వరసగా కంప్యూటర్లు. తెర మీద ఒక గీత గీస్తే అదే షాఫ్టు. బేరింగు ఉన్నచోట ఒక బొమ్మ పెట్టాలి. త్రికోణం పెడితే ఆ బేరింగు ఇసుమంతైనా కదలదని అర్థం. స్ప్రింగు బొమ్మ పెడితే కాస్త కదులుతుందని అర్థం, ఎంత కదులుతుందో అంకె ఇవ్వాలి. బటన్ నొక్కితే గ్రాఫు వస్తుంది. ప్రమాదం లేకపోతే ఆకుపచ్చ, ఉంటే ఎరుపు. ఎన్నిసార్లు నొక్కినా అదే జవాబు. నా ప్రాణానికి హాయిగా ఉండేది.

ఇక్కడ మా కాలేజీల్లో ఉండే ఒక అలవాటు చెప్పాలి. ప్రతి ల్యాబుకీ రికార్డు రాయాలి. కొత్త బ్యాచి పిల్లలు పాత బ్యాచి రికార్డు తెచ్చుకుని, అది ముందు పెట్టుకుని రాస్తారు. వచ్చిన జవాబు పాత రికార్డుతో కలవాలి. కలవకపోతే జవాబునే దిద్దుతారు గాని పాత రికార్డును ఎవరూ అనుమానించరు. పరీక్షనాడు బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్ కూడా అదే చూస్తాడు, కలిసిందా లేదా అని. షాఫ్టు ప్రయోగం చివరి వాక్యం ఏ ఏడాదైనా ఒకటే: కాబట్టి షాఫ్టు సురక్షితం. కింద ఎర్ర ఇంకుతో నా సంతకం.

రెండేళ్ళ క్రితం మూడో సంవత్సరం పిల్లలకు ఒక పని చెప్పాను. మీ చుట్టుపక్కల తిరిగే షాఫ్టు ఏదైనా ఒకటి కొలిచి తెండి, సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూద్దాం అన్నాను. చాలామంది సీలింగ్ ఫ్యాను తెచ్చారు. అందరి ఫ్యానూ ఒకే కొలత, అంటే ఒకడు కొలిచాడు, మిగతావాళ్ళు కాపీ కొట్టారు. ఒక్క అమ్మాయి మాత్రం బోటు షాఫ్టు తెచ్చింది.

ఆ అమ్మాయిది చేపలవేటకు పోయే కుటుంబం. వాళ్ళ నాన్న ఒక మరబోటుకు సరంగు, అంటే బోటు నడిపేవాడు. చిన్నాన్న అదే బోటులో ఇంజిన్ చూసుకుంటాడు. బోటు మాత్రం వేరే ఓనరుది. క్లాసులో మెల్లగా, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేది. కంగారు పడితే మాత్రం ఇంటి మాట బయటికొచ్చేసేది.

"సార్, మా నాన్న బోటుని ఒక స్పీడు దాటనివ్వరు. అక్కడికి రాగానే కాళ్ళ కింద చెక్క వణుకుతుందంటారు. షాఫ్టుని మధ్యలో మోసే బేరింగు ఉంది కదా సార్, దాని కింద దుంగ మెత్తబడిపోయింది. ఓనరుగారు ఏమీ లేదంటారు. వేట ఆపే రెండు నెలల్లో బోటు ఎలాగూ ఒడ్డు మీద ఉంటుంది, రిపేర్లు అప్పుడే చేస్తారు. కాలేజీ నుంచి కాగితం తెస్తే దుంగ మారుస్తానన్నారు సార్."

నేను వినలేదని చెప్పలేను. విన్నాను. ఆ కాగితం మీద ఒక దుంగ ఆధారపడి ఉందనీ, ఆ దుంగ మీద బోటూ అందులోని మనుషులూ ఆధారపడి ఉన్నారనీ ఆ అమ్మాయి నాకు స్పష్టంగానే చెప్పింది. సరే చెయ్యి అన్నాను. అని మర్చిపోయాను.

పరీక్షకు రెండు రోజుల ముందు రికార్డుల మీద సంతకాలు పెడుతున్నాను. బల్ల మీద దొంతరలు దొంతరలుగా రికార్డులు, తల ప్రాణం తోకకొస్తోంది. అన్నీ ఆకుపచ్చ గ్రాఫులే. ఆ అమ్మాయిది తెరిచేసరికి ఎరుపు. బోటు గట్టిగా పోయేటప్పుడు షాఫ్టు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో, క్రిటికల్ స్పీడ్ సరిగ్గా అక్కడే వచ్చింది. చివరి వాక్యం కూడా మార్చి రాసింది, షాఫ్టు సురక్షితం కాదని.

"ఏమ్మా, ఇదేంటి?"

"మధ్య బేరింగు దగ్గర త్రికోణం పెట్టలేదు సార్. స్ప్రింగు పెట్టాను. అది కదులుతుంది కదా సార్."

"ఎంత కదులుతుందో నీకెలా తెలుసు?"

"మా చిన్నాన్నని చేపల కాటా మీద తూచాను సార్. తర్వాత ఆయన్ని షాఫ్టు మీద బేరింగు దగ్గర నిలబెట్టి, ఎంత దిగిందో స్కేలు పెట్టి చూశాను. ఇంచుమించు సెంటీమీటరు దిగింది సార్."

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ముందు నవ్వింది నేను. "కంప్యూటర్లు ఇన్ని పెట్టుకుని మీ చిన్నాన్నని కొలత చేశావా?" అన్నాను. ఇంకో రెండు మూడు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుని రికార్డు అంచు గోటితో గీకుతూ నిలబడింది. పోయినేడాది రికార్డు తీసి చూపించాను. ఇందులో ఏముంది, త్రికోణం. బేరింగంటే బేరింగే. ఎగ్జామినరు ఈ స్ప్రింగు ఎక్కడిదని అడిగితే మీ చిన్నాన్నని పిలిపిస్తావా? పో, మార్చుకుని రా.

"అయితే మాది సేఫేనా సార్?" అంది.

ఆ ప్రశ్న నాకిప్పటికీ ఎప్పుడు పడితే అప్పుడు వినిపిస్తుంది. స్కూటర్ స్టాండు వేస్తుంటే, పళ్ళు తోముకుంటుంటే. ఆ రోజు నేను తలెత్తకుండానే, "లెక్క సరిగ్గా చేస్తే సేఫే వస్తుంది" అన్నాను. పది నిమిషాల్లో మార్చుకొచ్చింది. త్రికోణం పెట్టగానే క్రిటికల్ స్పీడ్ మూడు రెట్లు పైకి పోయింది. ఆకుపచ్చ. సంతకం పెట్టి, వెరీ గుడ్ అని కూడా రాశాను. తిట్టినందుకు ఓదార్పుగా రాశాననుకుంటాను.

ఏప్రిల్ మధ్యలో వేట ఆగింది, జూన్ మధ్యలో మళ్ళీ మొదలైంది. ఆ సెలవుల్లో నేనేం చేశానో గుర్తులేదు, గుర్తుండేంత పని ఏదీ చేయలేదు.

జూన్‌లో కొత్త బ్యాచి వచ్చింది. అప్పటికే వాళ్ళ ఫోన్లలో పాత రికార్డుల ఫొటోలున్నాయి. అన్నిటికంటే ఎక్కువ తిరుగుతున్నది ఆ అమ్మాయి రికార్డే, వెరీ గుడ్ ఉంది కదా. ల్యాబు మొదటి రోజున కంప్యూటర్లు ఆన్ చేస్తే సాఫ్ట్‌వేర్ లైసెన్సు గడువు అయిపోయిందని తెర మీద వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఆఫీసువాళ్ళను నాలుగు మాటలు అని, గంటసేపు పిల్లల్ని ఊరకే కూర్చోబెట్టలేక, మూలన గుడ్డ కప్పి ఉన్న పాత మెషీను మీద దుమ్ము దులిపాను.

మోటారు తిరిగింది. వేగం కొద్దికొద్దిగా పెంచాను. రావలసిన వేగానికి ఎంతో ముందే, ఏదో మూలిగినట్టు శబ్దం మొదలైంది. షాఫ్టు మధ్యలో పొగలా మసకబారి వెడల్పయింది. బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వెనక్కి జరిగారు. మోటారు ఆపి చూస్తే మధ్య బేరింగు బోల్టులు వదులైపోయి ఉన్నాయి. చేత్తో నొక్కితే బేరింగు దిగింది. ఎంత దిగిందో చూడటానికి పక్కనున్న స్కేలు తీసుకున్నాను. తీసుకుని, అలాగే ఆగిపోయాను.

ఇంచుమించు సెంటీమీటరు సార్.

పిల్లల్ని పంపేసి స్టాఫ్ రూములో కూర్చుని, తెల్లకాగితం మీద చేత్తో లెక్క వేశాను. ఆ అమ్మాయి రికార్డు బీరువాలోనే ఉంది. మొదటి లెక్క తాలూకు పేజీ చింపలేదు, వెనక పిన్ను కొట్టి దాచుకుంది. చిన్నాన్న బరువు, దిగిన దూరం, షాఫ్టు లావు, పొడవు. రెండుసార్లు వేశాను. రెండుసార్లూ ఆమె వేసిందే వచ్చింది. ఎక్కడా తప్పు లేదు. తప్పల్లా త్రికోణం.

నాలుగో సంవత్సరం క్లాసుకు వెళ్ళి ఆ అమ్మాయిని బయటికి పిలిచాను.

"అమ్మా, మీ బోటు దుంగ మార్చారా?"

"లేదు సార్. మీరు సంతకం పెట్టిన పేజీ కలర్ జిరాక్స్ తీసి ఓనరుగారికి చూపించాం కదా, అవసరం లేదన్నారు. రంగు వేయించారు." కాస్త నవ్వింది. "నాన్న దాన్ని లామినేషన్ చేయించి, బోటులో అప్పన్న పటం పక్కన పెట్టుకున్నారు."

"ఇప్పుడు బోటెక్కడుంది?"

"వేటకెళ్ళి మూడ్రోజులైంది సార్. ఏం సార్?"

అప్పుడే చెప్పాల్సింది. "చిన్న సందేహం, ఒకసారి మాట్లాడాలి మీ నాన్నతో" అన్నాను. ఫోను చేసింది. సముద్రంలో అంత దూరం సిగ్నలుండదు. వైర్‌లెస్ మీద చెప్పొచ్చేమో, హార్బరుకి వెళ్దామంది. నా స్కూటర్ మీదే బయల్దేరాం. సింహాచలం రోడ్డు దాటి గోపాలపట్నం వచ్చేసరికి లారీల వరసలో ఇరుక్కుపోయాం. పక్కన ఆగిన లారీ ఇంజిను అదురు స్కూటర్ హ్యాండిల్లోంచి నా చేతుల్లోకి వస్తోంది. ఏళ్ళ తరబడి ఆ పాఠం చెప్పాను గాని, అదురు చేతికి తగిలితే భయం వేయడం నాకు అదే మొదటిసారి.

హార్బరులో బోటు సంఘం గదిలో వైర్‌లెస్ దగ్గర ఒకాయన ఉన్నాడు. ఎన్నిసార్లు పిలిచినా గరగరమని శబ్దమే తప్ప ఆ బోటు పలకలేదు. "శానా దూరంల ఉన్నారండి ఆళ్ళు. మజ్జిన బోటోలకి సెప్తాను, ఆళ్ళు ఆళ్ళకి సెప్తారు. ఏటని సెప్పమంటారు?" అన్నాడు.

నేను క్రిటికల్ స్పీడ్ అని మొదలుపెట్టాను. ఆయన నా ముఖం చూశాడు. ఆ అమ్మాయే అందుకుంది. "వణుకొస్తే స్పీడు తగ్గించీమని సార్ సెప్పేరని సెప్పండి బాబాయ్, సాలు."

కాగితం తప్పని కూడా చెప్పండి అని నేను అనాలి. పక్కన ఆ అమ్మాయి ఉంది, గుమ్మంలో ఇంకో నలుగురు జాలర్లు ఉన్నారు. నేను అనలేదు. సంతకం నాదని వాళ్ళకు తెలుస్తుందని సిగ్గుపడ్డాను. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు.

బయటికొస్తే సముద్రం మీద మబ్బు పట్టి ఉంది. పోర్టు వైపు నుంచి బొగ్గు పొడి వచ్చి జెట్టీ మీద కట్టేసిన బోట్ల కొత్త రంగుల మీద పడుతోంది. సాయంత్రం దాకా కూర్చున్నాం. ఏ కబురూ లేదు. ఆ అమ్మాయి మాత్రం నాకు ధైర్యం చెప్పింది. "ఏం కాదు సార్, నాన్నకి బోటు సంగతి కాళ్ళతోనే తెలుస్తుంది" అంది. నేను తలూపాను. ఆయన కాళ్ళ మీద నాకూ నమ్మకం ఉంది. నా భయమల్లా పటం పక్కనున్న కాగితం గురించే.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి ఫోను చేసింది. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొస్తోందట. ఎవరికో దెబ్బ తగిలిందట, ఎవరికో తెలీదట. నేను వెళ్ళేసరికి బోటు జెట్టీకి తగులుతోంది. వెనకభాగం నీళ్ళలోకి దిగిపోయి ఉంది. షాఫ్టు బయటికొచ్చే రంధ్రంలో వలలూ గోనెలూ కుక్కి ఉన్నాయి. చిన్నాన్నని నలుగురు చెక్క మీద మోసుకుని దించారు. కుడికాలికి మోకాలి కింద నుంచి లుంగీలు చుట్టి ఉన్నాయి. మనిషికి తెలివి ఉంది గాని అరవడం లేదు, మూలగడం లేదు. అలా చూస్తూ ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళిన కాసేపటికే ఆ కాలు తీసేశారని తర్వాత తెలిసింది.

నేను షాఫ్టు కోసం బోటు లోపలికి తొంగిచూశాను. చూడకుండా ఉండలేకపోయాను. దుంగ రెండుగా చీలిపోయి ఉంది. బేరింగు దాని మీద లేదు.

సరంగు, అంటే ఆ అమ్మాయి నాన్న, అందరూ దిగాక దిగాడు. నన్ను గుర్తుపట్టాడు. కూతురు కాలేజీలో ఏదో సభకి వచ్చినప్పుడు ఒకసారి దణ్ణం పెట్టాడట నాకు, నాకు గుర్తులేదు. ఇప్పుడు కూడా దణ్ణం పెట్టాడు.

"మీ కబురు అందింది బాబూ. తమ్ముడి కాలు కట్టీసిన తరవాత అందింది."

బోటు వైపు తిరిగి మళ్ళీ ఆయనే అన్నాడు.

"నా కాళ్ళకి ముందే తెలిసింది బాబూ. వణుకొచ్చింది. ఇదివరకైతే అక్కడే తగ్గించీసీవోణ్ణి. మబ్బేసింది, బేగి ఎల్లిపోవాల. కాగితం ఏపు సూసేను. సదువుకున్నోలు రాసింది కదా, నాకేటి తెలుసు, ఇన్నేళ్ళు ఊరికినే భయపడ్డానేమో అనీసి లాగించీసేను. తమ్ముడు కిందికి దిగి సూస్తానన్నాడు. దిగేడు." అక్కడ ఆగాడు. "ఆడు దిగిన ఎంటనే ఎగిరిపోనాది బాబూ అది."

ఆయన గొంతులో కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. కోపం లేదు. మళ్ళీ బోటెక్కి, అప్పన్న పటం పక్కనుంచి ఆ లామినేషన్ కాగితం ఊడదీసుకొచ్చాడు. తడి తగల్లేదు దానికి. గ్రాఫు ఆకుపచ్చగానే ఉంది, కింద ఎర్రగా నా సంతకం, వెరీ గుడ్. లుంగీతో తుడిచి నా చేతికిచ్చాడు.

"ఇది మీ కాడే ఉండనీండి బాబూ. తమ్ముడు సూస్తే బాగోదు."

ఆ కాగితం పట్టుకుని గేటు దాకా నడిచాను. అమ్మాయి నా వెనకే వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళాలి, ఆటో కోసం చూస్తోంది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. పొద్దున్నుంచి ఏడవలేదనుకుంటాను.

"సార్, త్రికోణం పెట్టడంలో నేనేమైనా తప్పు చేశానా సార్? కొలతలు సరిగ్గా తియ్యలేదా?"

నిన్న మధ్యాహ్నం నుంచి ఆ అమ్మాయి మనసులో అదే తిరుగుతోందని అప్పుడర్థమైంది. బోటుకేమైనా అయితే తన లెక్క తప్పడం వల్లే అవుతుందని నమ్ముతూ, నిన్న నా పక్కన కూర్చుని నాకే ధైర్యం చెప్పింది. ఇంక దాచడం పాపమనిపించింది. నిజం చెబితే ఆ పిల్ల గుండె మీద బరువు దిగుతుందని కూడా అనుకున్నాను.

"నీ తప్పు లేదమ్మా. నువ్వు మొదట స్ప్రింగు పెట్టి వేశావే, ఎర్రగా వచ్చింది, అదే కరెక్టు. నేనే మార్పించాను. తప్పు నాది."

ఆటో వచ్చి ఆగింది. ఆ అమ్మాయి ఎక్కలేదు. నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"మొదటిదే కరెక్టా సార్?"

"కరెక్టే."

"అయితే నాకు తెలుసు సార్," అంది. "నాకు ముందే తెలుసు. తెలిసే మార్చీసాను."

ఆటో ఎక్కి, ఆసుపత్రి పేరు చెప్పి, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.